సగం మచ్చు

కరోనా రావడానికి ముందటి ఏడాది, శివరాత్రి దాటిన వారంలో, నాకు ఆదోని, ఎమ్మిగనూరు డ్యూటీ పడింది. అప్పటికి నేను కర్నూలులో ఒక పెద్ద ల్యాబులో సీనియర్ పాథాలజిస్టును. రిటైర్మెంటు దగ్గరపడుతోంది. పాథాలజిస్టు అంటే మందు రాసే డాక్టరు కాదు. రక్తం, కండ, మూలుగ, ఏది తీసి పంపినా దాన్ని చూసి ఇది ఫలానా జబ్బు అని చెప్పే డాక్టరు. రోగి ముఖం చూసేది తక్కువ, రోగి కణాలు చూసేది ఎక్కువ. మా అమ్మ చివరిదాకా చుట్టాలకు నన్ను "రక్తాలు సూసే డాక్టరు" అనే పరిచయం చేసేది. అసలు డాక్టరు చదువు అందలేదేమో పాపం అని వాళ్ళు అనుకునేవాళ్ళు.

ఆ డ్యూటీ అంటే ల్యాబులో ఎవరికీ ఇష్టం ఉండేది కాదు. వారానికొక రోజు పొద్దున ఆదోని, మధ్యాహ్నం ఎమ్మిగనూరు, మర్నాడు తిరిగి కర్నూలు. ఆ రెండు ఊళ్ళలోని నర్సింగ్ హోముల్లో మూలుగ పరీక్ష అవసరమైన వాళ్ళందరినీ ఆ రోజుకు పిలిపించేవాళ్ళు. నేను వెళ్ళి తుంటి ఎముకలోంచి మూలుగ తీసి, గాజు పలకల మీద పూసి, రంగు వేసి అక్కడే ఒక చూపు చూసేదాన్ని. తక్కినది గొట్టాల్లో కర్నూలు చేరేది. నాకు మాత్రం ఆ రోజు కోసం ప్రాణం కొట్టుకునేది. నేను పుట్టింది ఎమ్మిగనూరులో, మగ్గాల చప్పుడు మధ్య. ఆదోనిలో బస్సు దిగగానే బండి దగ్గర బొరుగుల ఉగ్గాని, మిరపకాయ బజ్జీ తినకుండా నర్సింగ్ హోములో అడుగుపెట్టిన రోజు నాకు గుర్తులేదు. పత్తి సీజన్‌లో అయితే జిన్నింగ్ మిల్లుల నుంచి దూది నూగు గాల్లో తేలుతూ వచ్చి తల మీద వాలేది. అద్దంలో చూసుకుంటే ఉన్న వయసుకు ఇంకో పదేళ్ళు కలిసేవి. ఇప్పుడు ఇంట్లో కూర్చుని ఆ నూగు తలుచుకుంటే దుఃఖం లాంటిదేదో వస్తుంది. మనిషికి దేనిమీద బెంగ పడుతుందో చెప్పలేం.

ఆ రోజు నా దగ్గరికి వచ్చిన పిల్ల పేరు వాసవి. రెండో తరగతి. వెంట తల్లి సుజాత, సుజాత నాన్న గుండయ్య శెట్టి. శెట్టిగారు ఆదోని మార్కెట్ యార్డులో పత్తి కమీషన్ వ్యాపారి. తెల్లని పంచె, భుజాన తువ్వాలు. చేతివేళ్ళు ఊరికే ఉండవు, ఏదో ఒకటి పీచు లాగి చూస్తున్నట్టు బొటనవేలు, చూపుడువేలు రుద్దుకుంటూనే ఉంటాయి. పిల్లకు అంతకుముందు రక్త క్యాన్సర్ వచ్చింది. పిల్లల్లో ఎక్కువగా కనిపించే రకం, బీ కణాల లుకేమియా. బెంగళూరులో ఏళ్ళ తరబడి వైద్యం జరిగి, మందులు ఆపి కొన్ని నెలలయింది. జుట్టు మళ్ళీ వచ్చింది. రెండు పిలకలు వేశారు. ఈలోగా జ్వరం తగిలింది. జ్వరం తగ్గింది గానీ ప్లేట్‌లెట్లు పడిపోయి అక్కడే నిలిచాయి. బెంగళూరు డాక్టర్లు ఫోన్లో, ముందు మూలుగ చూపించండి, తర్వాత మాట్లాడదాం అన్నారట. ఆ 'తర్వాత' అన్న మాటకే సుజాత సగమైపోయింది.

పిల్ల ఏడవలేదు. ఏడ్చే పిల్లలతో నాకు ఇబ్బంది లేదు, ఏడవని పిల్లలతోనే కష్టం. ఎన్ని సూదులు చూసి ఉంటే ఆ వయసులో అంత నెమ్మది వస్తుంది! పక్కకు తిరిగి పడుకుని, మోకాళ్ళు కడుపులోకి ముడుచుకుని, నేను చెప్పకముందే సరైన భంగిమ పట్టింది. అప్పుడు తాతను పిలిచింది.

"తాతా, ఇంగ పొడవరు గదా?"

శెట్టిగారు తువ్వాలు తీసి పిల్ల చేతి మీద కప్పి, తన చెయ్యి దాని కింద పెట్టాడు. పూర్వం యార్డులో బేరాలు అట్లా జరిగేవి. పదిమంది ముందు ధర పైకి చెప్పకుండా, గుడ్డ కింద ఒకరి వేళ్ళు ఒకరు నొక్కి కుదుర్చుకునేవాళ్ళు. కుదిరిందంటే కుదిరినట్టే, మాట మార్చేవాడికి మర్నాడు యార్డులో కుర్చీ వేసేవాళ్ళు లేరు. ఇప్పుడు బేరాలన్నీ కంప్యూటర్ మీద. ఆ పాత ఆట తాతా మనవరాళ్ళ మధ్య మిగిలింది.

"ఇదే ఆకరు పాపా. బేరం కుదిరింది," అన్నాడు ఆయన. పిల్ల గుడ్డ కింద ఏదో వేలు నొక్కింది. ఆయన తల ఊపాడు. నేను సూది దించాను.

పిల్లను పంపి, పలకకు రంగు వేసి మైక్రోస్కోపు కింద పెట్టాను. మధ్యమధ్య చిన్న గుండ్రటి కణాలు, నున్నటి కేంద్రకం, చుట్టూ సన్నని అంచు మాత్రమే. లుకేమియా కణం అచ్చం అట్లాగే ఉంటుంది. అయితే అచ్చం అట్లాగే ఉండే మంచి కణం కూడా ఒకటి ఉంది. దాన్ని హెమటోగోన్ అంటాం. అది పిల్లల మూలుగలో పుట్టే పసి బీ కణం. గట్టి మందులు ఆపిన తర్వాత, జ్వరాల తర్వాత, మూలుగ కోలుకునే వేళ ఇవి గుంపులుగా పుడతాయి. అంటే నేను చూస్తున్నది జబ్బు తిరిగి రావడమైనా కావచ్చు, ఒళ్ళు కోలుకోవడమైనా కావచ్చు. ఎంత అనుభవం ఉన్న కన్నయినా అక్కడ ఓడిపోతుంది. ఇది నా కన్ను గురించి వినయంతో చెప్పే మాట కాదు. నా కన్ను మంచిదే.

సుజాతకు, శెట్టిగారికి ఉన్నది ఉన్నట్టు చెప్పాను. అనుమానపు కణాలు కనిపించాయి, అవి చెడ్డవో మంచివో కంటితో తేలదు, కర్నూలులో ఫ్లో సైటోమీటర్ అనే యంత్రం మీద తేలుతుంది, రేపటికి చెప్తాను అన్నాను. సుజాత గోడకు ఆనుకుంది. శెట్టిగారు అడగాల్సిన ప్రశ్న అడిగాడు.

"కండ్లకు ఒగటే మాదిరి కనపడేదాన్ని యంత్రం యెట్లా సెప్తాదమ్మా?"

అడిగినవాడికి చెప్పడం నాకు సరదా. మన తెల్లకణాల్లో బీ కణాలు, టీ కణాలు అని ఉన్నాయి. మైక్రోస్కోపు కింద రెండూ ఒకటే. టీ కణాల్లో మళ్ళీ సాయం చేసేవి, చంపేవి. అవీ ఒకటే. తేడా అంతా పైతొడుగు మీద ఉంటుంది. మిల్లులో కట్టిన పత్తి బేళ్ళన్నీ ఒకేలా ఉన్నా వాటి మీద సిరా మార్కును బట్టి ఏ మిల్లుదో, ఏ రకమో చెప్పినట్టు, ఒక్కో రకం కణం తన పైన కొన్ని మార్కులు మోస్తుంది. ఆ మార్కులకు ప్రపంచమంతా ఒప్పుకున్న అంకెలున్నాయి. ముందు సీడీ అని చేర్చి సీడీ 3, సీడీ 4, సీడీ 19 అంటాం. ఆ మార్కు చదవడానికి వాడేదే మోనోక్లోనల్ యాంటీబాడీ. మనిషి కణాన్ని ఎలుకకు ఎక్కిస్తే ఎలుక ఒంట్లో దాన్ని పట్టే యాంటీబాడీలు తయారవుతాయి. వాటిలో ఒకే ఒక్క మార్కును పట్టే యాంటీబాడీని చేసే కణాన్ని వేరుచేసి, చావులేని ఒక క్యాన్సర్ కణంతో కలిపేస్తారు. ఆ జంట కణం సంతానం ఎన్ని తరాలైనా అదే యాంటీబాడీని చేస్తూ పోతుంది. ఒకే వంశం గనక మోనోక్లోనల్. దానికి మెరిసే రంగు తగిలించి రక్తంలో కలిపితే, తన మార్కు ఉన్న కణానికే అంటుకుంటుంది. యంత్రంలో కణాలు ఒక్కొక్కటిగా లేజరు ముందు నడుస్తాయి. ఏది ఏ రంగులో మెరిసిందో యంత్రం రాసుకుంటుంది.

శెట్టిగారు అంతా విని, "అయితే మా పాప మంచిసెడ్డా సెప్పేది ఒగ ఎలకా?" అన్నాడు. సుజాత కన్నీళ్ళలోనే నవ్వింది. ఆ నవ్వు నాకు ఇప్పటికీ కళ్ళకు కట్టినట్టుంది.

ఊదారంగు మూత గొట్టంలో మూలుగ సిద్ధంగా ఉంది. ల్యాబు బండి సాయంత్రానికి గానీ రాదు. నేను ఎమ్మిగనూరు వెళ్ళాలి. తమ కారు కర్నూలు పోతోంది, డ్రైవరుతో పంపుతానని శెట్టిగారు అన్నాడు. ఇటువంటి నమూనాకు రెండే నియమాలు. ఎండ తగలకూడదు, ఐసు తగలకూడదు. లోపల కణాలు బతికి ఉండాలి. ఎండకు ఉడికిపోతాయి, ఐసుకు పగిలిపోతాయి. ఆ రెండూ చెప్పి గొట్టం ఆయన చేతికిచ్చాను. ఆయన రెండు చేతులా తీసుకున్నాడు.

ఎమ్మిగనూరులో పని ముగించి, తమ్ముడింట్లో పడుకుని, పొద్దున్నే బస్సెక్కాను. గూడూరు దాటేదాకా కిటికీలోంచి చూస్తూ కూర్చున్నాను గానీ కళ్ళ ముందు ఆ గుండ్రటి కణాలే ఉన్నాయి. ల్యాబులో అడుగుపెట్టేసరికి నరసింహులు గుమ్మంలోనే నిలబడి ఉన్నాడు. ఫ్లో సైటోమీటరు నడిపే టెక్నీషియన్ అతను. మాట తక్కువ మనిషి. గొట్టం ఎత్తి చూపించాడు.

"మేడమ్, దీంట్లో సగమే ఉండాది. మీరు ఇంతే తీసినారా?"

నేను తీసింది అది కాదు. గొట్టం పగల్లేదు, కారలేదు, మూత బిగువుగా ఉంది. కోలుకుంటున్న మూలుగ అసలే పలుచన, దానిలో సగం. ఎర్రకణాలను పగలగొట్టి కడిగితే మిగిలే తెల్లకణాలు మా పరీక్షకు ఏ మూలకూ రావు. శెట్టిగారికి ఫోన్ చేశాను. ఆయన గొంతులో కంగారు లేదు, పైగా కొంచెం గర్వం ఉంది.

"సగం నా కాడ ఉండాదమ్మా. బద్రంగా ఇనప్పెట్టెలో పెట్టినాను. మచ్చు యాడికి అంపినా సగం ఇంట్లో ఉండాల గదా."

ఇనప్పెట్టె ఎందుకో నాకు ముందు తట్టలేదు. తర్వాత అర్థమైంది. పత్తి బేరంలో కుప్పలోంచి పిడికెడు తీసి రెండు పాయలు చేస్తారు. అదే మచ్చు. ఒక పాయ కొనేవాడికి, ఒక పాయ అమ్మేవాడి దగ్గర. సరుకు చేరాక, మాకు చూపించింది ఇది కాదని అవతలివాడు తగువు పెట్టుకుంటే, రెండు పాయలూ పక్కపక్కన పెట్టి పీచు లాగి చూస్తారు. మచ్చు మొత్తం ఊరు దాటించిన వ్యాపారి ఆదోనిలో ఉండడు. తరతరాల అలవాటు అది. ఆయన వేళ్ళు ఆ అలవాటు ప్రకారం పనిచేశాయి, అంతే. మనవరాలి మూలుగ గొట్టం చేతికి రాగానే దుకాణానికి వెళ్ళి, అత్తరు సీసా ఒకటి కడిగి, అందులో సగం వంచి, బిరడా బిగించి, లక్క ముద్ర కూడా వేశాడు. తక్కిన సగం కర్నూలు పంపాడు.

వెంటనే తీసుకుని రమ్మన్నాను. మధ్యాహ్నానికి తండ్రీకూతుళ్ళు ఇద్దరూ కారులో వచ్చారు. పిల్లను ఇంట్లో వదిలేసి వచ్చారు. శెట్టిగారు జేబులోంచి చేతిరుమాలు మడత విప్పి సీసా బల్ల మీద పెట్టాడు. లక్క ముద్ర మీద ఆయన దుకాణం గుర్తు. దాన్ని పగలగొట్టడానికి నాకు మనసు రాలేదు, అయినా పగలగొట్టాను. రేకుల కప్పు దుకాణం, ఎండలో కాలిన ఇనప్పెట్టె, సరిగా ఆరని సీసా. నరసింహులు ఒక చుక్క తీసి నీలిరంగు కలిపాడు. బతికున్న కణం ఆ రంగును లోపలికి రానివ్వదు, చచ్చిన కణం పీల్చుకుంటుంది. మైక్రోస్కోపులో చూస్తే ఎటు తిప్పినా నీలమే.

చచ్చిన కణాలైనా పరవాలేదేమో, మార్కులు పోవు గదా అని సుజాత అడిగింది. చదువుకున్న పిల్ల, ప్రశ్న సరైనదే. చచ్చిన కణం జిగటగా మారి ఏ యాంటీబాడీ కనపడితే దాన్ని అంటించుకుంటుంది. ఉన్న మార్కూ ఉందంటుంది, లేని మార్కూ ఉందంటుంది. దాని సాక్ష్యం పనికిరాదని చెప్పాను.

శెట్టిగారి ముఖం అప్పుడు మారింది. తర్వాత మెల్లిగా, తలుపు వైపు చూస్తూ అన్నాడు.

"రేపు మీరు సెడ్డదని సెప్తే, నేను ఒప్పుకునేటోన్ని కాదమ్మా. ఇంగొక తావ సూపించల్ల అనుకున్యా. అప్పుడు పాపను మళ్ళీ పొడిసేదానికి లేకుండా ఈ సగం ఉంటాది గదా అని. దానికి మాట ఇచ్చినా గదా."

నాకు కోపం వచ్చి ఉండాల్సింది. పొద్దున ఫోన్ పెట్టేశాక చాలా వచ్చింది కూడా. ఆ మాట విన్నాక ఎటు పోయిందో తెలియదు. పిల్లకు రెండో సూది తప్పించాలని ఆయన చేసిన పనే ఆ సూదిని తలుపు దాకా తెచ్చింది. పైగా పొద్దున ఆదోనిలో తీయించిన ప్లేట్‌లెట్ల లెక్క ఇంకా కిందికి దిగింది. ఆ స్థితిలో మళ్ళీ ఎముకలోకి సూది దించాలంటే ముందు ప్లేట్‌లెట్లు ఎక్కించాలి, బెంగళూరు తీసుకుపోవాలి. పిల్ల మళ్ళీ ఆ మంచం, ఆ పక్కకు తిరిగి పడుకోవడం. నేను వద్దనుకున్నాను. ఉన్న సగంతోనే తేల్చాలి.

లెక్క ఇది. మా యంత్రం ఒక గొట్టంలో నాలుగు రంగులు మాత్రమే చూడగలదు. అంటే గొట్టానికి నాలుగు యాంటీబాడీలు. మామూలుగా ఇటువంటి కేసుకు నాలుగేసి చొప్పున చాలా గొట్టాలు వేస్తాం. ఏ యాంటీబాడీ వేయని గొట్టం ఒకటి కొలతకు పక్కన ఉంచుతాం, దాన్ని కంట్రోల్ అంటాం. ఇప్పుడు ఉన్న కణాలకు ఒక్క గొట్టమే వస్తుంది. నాలుగే మార్కులు, ఒక్కసారే. తప్పు నాలుగు ఎంచుకుంటే ఆ కణాలు మళ్ళీ రావు.

నరసింహులు సీడీ 34 కూడా ఉండాలన్నాడు. పసి కణాలన్నింటి మీదా ఉండే మార్కు అది. లుకేమియా కణాల మీదా ఉంటుంది, హెమటోగోన్ల మీదా ఉంటుంది. ఇక్కడ అది మాకు ఏమీ తేల్చదు. నేను నాలుగు చెప్పాను. తెల్లకణాలన్నింటి మీదా ఉండి వయసుతో పెరిగే సీడీ 45, బీ కణానికి గుర్తయిన సీడీ 19, బీ కణం వయసు చెప్పే సీడీ 10, సీడీ 20.

"కంట్రోల్ లేకుండానా మేడమ్?" అన్నాడు.

అదే గొట్టంలో పిల్ల టీ కణాలు ఉంటాయి, వాటి మీద సీడీ 19 ఉండదు, అవే మన కంట్రోల్ అన్నాను. అతను తలూపి పిపెట్టు అందుకున్నాడు. ఎర్రకణాలు పగలగొట్టి, కడిగి, నాలుగు యాంటీబాడీలూ కలిపి, గొట్టాన్ని చీకట్లో పెట్టాడు. వెలుతురు తగిలితే రంగు వెలిసిపోతుంది. ఆ చీకటి కాలం గడవడం ఎప్పుడూ కష్టమే, ఆ రోజు మరీ కష్టమైంది. వెలుపల బెంచీ మీద శెట్టిగారి పక్కన వెళ్ళి కూర్చున్నాను. మేము చేసే పని చెప్పమన్నాడు. పాపకు పళ్ళు ఊడుతున్నాయా అని అడిగాను. ముందు రెండూ ఊడినాయన్నాడు.

సీడీ 10 పాలపన్ను అనుకోండి, సీడీ 20 గట్టిపన్ను అనుకోండి అని చెప్పాను. పసి బీ కణానికి పాలపన్ను నిండుగా ఉంటుంది, పెరిగేకొద్దీ పాలపన్ను తగ్గి గట్టిపన్ను వస్తుంది. ఆరోగ్యంగా పెరుగుతున్న పిల్లల గుంపును చూస్తే కొందరికి పాలపళ్ళు, కొందరికి రెండూ, కొందరికి గట్టిపళ్ళు, అన్ని వయసులూ కనపడతాయి. జబ్బు కణాలు పెరగవు. అన్నీ ఒకే వయసు దగ్గర ఆగిపోయి పోగు పడతాయి. నేను చూడబోయేది కణం మంచిదా చెడ్డదా అని కాదు, గుంపు పెరుగుతోందా ఆగిపోయిందా అని. శెట్టిగారు బొటనవేలు, చూపుడువేలు రుద్దుకుంటూ కూర్చున్నాడు.

గొట్టం యంత్రానికి పెట్టాక గదిలో నేను, నరసింహులు మాత్రమే. తెర మీద ఒక్కో కణం ఒక్కో చుక్కగా పడుతుంది. అడ్డంగా సీడీ 20, నిలువుగా సీడీ 10. ముందు సీడీ 19 ఉన్న కణాల చుట్టూ గీత గీసి, వాటిని మాత్రమే చూపించమన్నాం. మా భాషలో గేటు వేయడం అంటారు. ఎడమ పైమూలలో చుక్కలు మొదలయ్యాయి. నిండుగా సీడీ 10, సీడీ 20 లేదు. మరికొన్ని అక్కడే. ఇంకొన్ని అక్కడే. జబ్బు పోగుపడే చోటు సరిగ్గా అదే. సుజాత ఫైలులో బెంగళూరువాళ్ళ మొదటి రిపోర్టు ఉంది, దానిలోని బొమ్మలో పోగు పడింది ఆ మూలలోనే. నరసింహులు నా వైపు చూడలేదు, నేను అతని వైపు చూడలేదు.

తర్వాత ఒక చుక్క కుడివైపు పడింది. ఇంకొకటి కొంచెం కిందుగా. ఆపైన వరసగా పడటం మొదలైంది. సీడీ 10 తగ్గుతూ, సీడీ 20 పెరుగుతూ, పైమూల నుంచి వంపు తిరిగి కుడివైపుకు దిగుతూ ఒక బాట ఏర్పడింది. మధ్యలో తెగలేదు. సీడీ 45 పెట్టి చూశాం. అది కూడా వయసు ప్రకారం పెరుగుతూనే ఉంది. గొట్టం అడుగంటేదాకా యంత్రాన్ని ఆపనివ్వలేదు. ఆఖరి కణం దాకా బాట బాటలాగే ఉంది. అవి హెమటోగోన్లు. పిల్ల మూలుగ పెరుగుతోంది.

నాకు ఏడుపొచ్చింది. ఉద్యోగంలో అంత అనుభవం వచ్చాక కూడా వస్తుందా అంటే వస్తుంది. నరసింహులు కుర్చీ వెనక్కి జరుపుకుని, "పాలపండ్లు ఊడి గట్టిపండ్లు వస్తాండాయి మేడమ్," అన్నాడు. బెంచీ మీద నేను చెప్పిందంతా తలుపు సందులోంచి విన్నాడన్నమాట.

బయటికి వెళ్ళి చెప్పాను. సుజాత ఇంటికి ఫోన్ కలిపి పాపను పిలవమంది. శెట్టిగారు మళ్ళీ మళ్ళీ ఒకటే అడిగాడు, రెండో సూది లేదు గదా, లేదు గదా అని. లేదన్నాను. అయినా నా వృత్తి మర్యాద ప్రకారం చెప్పాల్సినవి చెప్పాను. ఇది ఈనాటి మాట, ప్లేట్‌లెట్లు వారం వారం చూడాలి, బెంగళూరువాళ్ళకు ఈ బొమ్మలు పంపాలి. రిపోర్టులో కూడా తొందరపడలేదు, జబ్బు తిరిగి వచ్చిన ఆనవాళ్ళు ఈ నమూనాలో లేవని మాత్రమే రాశాను. బెంగళూరువాళ్ళు బొమ్మలు చూసి సరేనన్నారు. జ్వరపు దెబ్బ తీరాక ప్లేట్‌లెట్లు వాటంతట అవే లేచాయి.

పోయేముందు శెట్టిగారు బల్ల దగ్గర తచ్చాడాడు. ముద్ర పగిలిన సీసా పసుపు సంచిలోకి వెళ్ళిపోయింది. అటువంటివి మేము తిరిగివ్వం, కాల్చడానికి పంపుతాం.

"అయితే ఇంట్లో ఏమీ లేకుండా పాయె," అన్నాడు. తగువు కోసం కాదు, తనలో తను అనుకున్నట్టే అన్నాడు. మచ్చు లేని చేతులతో ఊరికి పోవడం ఆయనకు చేతకావడం లేదు.

నాకప్పుడు తట్టింది. ఆదోనిలో పూసిన పలకలు ఎక్కువే ఉన్నాయి. రంగు వేసి ఆరబెట్టిన పలకకు ఎండ లేదు, ఐసు లేదు. ఒక పలక తీసి, చివర వజ్రపు పెన్సిలుతో పిల్ల పేరు గీసి, చిన్న ప్లాస్టిక్ పెట్టెలో పెట్టి ఆయనకిచ్చాను. ఆయన పలకను కిటికీ వెలుగుకు ఎత్తి పట్టుకున్నాడు, పత్తి పీచును చూసినట్టే, ఒక కన్ను మూసి. గాజు మీద ఊదారంగు మరక తప్ప ఏమీ కనపడదు.

"దీంట్లో ఉండాయా అవి?"

ఉన్నాయన్నాను.

"సెడిపోవు గదా?"

నేను పోయినా అవి ఉంటాయన్నాను. రేపు ఎవరికి చూపించాలన్నా, ఎక్కడికి పంపాలన్నా, ఇది పంపండి, పాప అక్కర్లేదు అని చెప్పాను. ఆయన పెట్టెను రుమాలులో చుట్టి, సీసా తెచ్చిన జేబులోనే పెట్టుకున్నాడు.

మళ్ళీ వారం ఆదోని వెళ్ళినప్పుడు ప్లేట్‌లెట్ల కోసం వాసవిని తీసుకొచ్చారు. వేలికి చిన్న పోటు మాత్రమే. అయ్యాక తాత భుజం మీది తువ్వాలు లాగి నా చేతి మీద కప్పింది. కింద నా వేళ్ళలో ఒకదాన్ని గట్టిగా నొక్కి వదిలింది. బేరం ఎంతకు కుదిరిందో నాకు తెలియదు, అడిగితే తాతా మనవరాలూ ఇద్దరూ చెప్పలేదు. పాప నోట్లో ముందు రెండు పళ్ళ చోట తెల్లగా అంచులు మొలుస్తున్నాయి.

ఆ తర్వాత రిటైరయ్యేదాకా, ఏ ఊళ్ళో మూలుగ తీసినా, గొట్టంతో పాటు ఒక పలక ఇంటివాళ్ళ చేతికిచ్చాను. గొట్టంలో ఉన్నవి ప్రాణమున్న కణాలనీ, వాటిని విడదీస్తే చస్తాయనీ ముందు చెప్పి, మీ సగం ఇదీ అని పలక చూపించేదాన్ని. ల్యాబులో కొందరు నవ్వారు, పని పెరిగిందన్నారు. ఆ అలవాటు మొదలైనాక ఒక్క గొట్టం కూడా నాకు సగమై రాలేదు. తమ మనిషి ఒంట్లోంచి తీసినదానిలో కొంత తమ దగ్గర ఉంచుకోవాలని ఇంటివాళ్ళకు ఉంటుంది. వద్దని వాదించడం కంటే, చెడిపోనిది ఇచ్చి పంపడం సులువు. ఆ ఏడాది నేను నేర్చుకున్నది ఇదే.